ఇటలీ ఎర్ర వైను: చవకదనం వెనుక ఉన్న లెక్క

మన సరిహద్దు పల్లెల్లో ఉపాధ్యాయునికి బడిలో పాఠం చెప్పడంతోనే పని తీరదు. కోర్టు కాగితం తమిళంలో వచ్చినా, బ్యాంకు ఉత్తరం ఇంగ్లీషులో వచ్చినా, "అయ్యవారూ, ఇది కొంచెం చదివి చెప్పండి" అంటూ జనం వాకిట నిలబడతారు. సంక్రాంతి సెలవుల్లో ఒకనాడు మా వీధి పెద్దాయన ఒకరు చేతిసంచిలో కాగితానికి బదులు ఒక సీసా పెట్టుకొని వచ్చారు. ఆయన మనవడు బెంగళూరులో ఉద్యోగం చేస్తాడు. పండుగకు వస్తూ ఇటలీ దేశపు ఎర్ర వైను తెచ్చి, "తాతా, ఇది సారాయి కాదు, ద్రాక్షరసం. ఆ దేశంలో రోజూ అన్నంతోపాటు తాగుతారు. గుండెకు మంచిది" అని చెప్పాడట.

పెద్దాయన సీసాను అరుగు మీద పెట్టి మూడు ప్రశ్నలు అడిగారు. "రసమైతే తాగినోడు తూలేది ఎందుకు? రోజూ తాగేదైతే ఇంత వెల ఎందుకు? మందైతే డాక్టరు చీటీ లేకుండా ఎట్లిచ్చినారు?"

మూడూ సమంజసమైన ప్రశ్నలే. ఆ పూట నాకు తోచిన సమాధానం చెప్పి పంపాను. తరువాత ఆలోచిస్తే ఇదే సందేహం ఇంకా పది ఇండ్లలో ఉండవచ్చునని అనిపించింది. హోసూరు పారిశ్రామిక వాడలో, బెంగళూరు కంపెనీలలో పనిచేసే పిల్లలున్న ఇండ్లకు ఇటువంటి సీసాలు ఇప్పుడు కొత్త కావు. కనుక ఆ సమాధానాన్నే కొంత విస్తరించి ఇక్కడ వ్రాస్తున్నాను. తాగమని గాని, తాగితే పాపమని గాని చెప్పడం నా ఉద్దేశం కాదు. ఇంటికి వచ్చిన వస్తువు ఏమిటో ఇంటివారికి తెలిసి ఉండాలన్నదే నా తాపత్రయం.

రసమా, సారాయా?

వైను ద్రాక్షరసం నుంచి పుట్టినదే గాని ద్రాక్షరసం కాదు. పండిన నల్లద్రాక్షను నలిపి, రసాన్ని తొక్కలతో సహా తొట్టిలో వదిలితే, ఈస్టు అనే సూక్ష్మజీవి ఆ రసంలోని చక్కెరను తినివేస్తుంది. చక్కెర పోయి ఆల్కహాలు, బొగ్గుపులుసు వాయువు మిగులుతాయి. ఇడ్లీ పిండి పులిసి పొంగడం వంటి క్రియే ఇదీ. ద్రాక్ష గుజ్జుకు సాధారణంగా రంగు ఉండదు. ఎరుపంతా తొక్కలోనిదే. తొక్క నుంచి, గింజ నుంచి రంగుతోపాటు వగరు కూడా దిగుతుంది. పచ్చి జామకాయ కొరికినప్పుడు నాలుక పట్టుకుపోయినట్లుండే ఆ వగరునే ఇంగ్లీషువారు టానిన్ అంటారు. చక్కెర దాదాపు పూర్తిగా పులిసిపోవడం వల్ల ఇటలీ ఎర్ర వైను తియ్యగా ఉండదు. ద్రాక్షరసం అనుకొని గుటక వేసినవారు మొహం చిట్లించేది అందుకే.

సారాయికీ దీనికీ తేడా కాచి దించడంలో ఉంది. పులిసిన ద్రవాన్ని మరిగించి, ఆవిరిని చల్లార్చి, ఆల్కహాలును చిక్కబరిస్తే సారాయి, బ్రాందీ, విస్కీ అవుతాయి. వైనును అలా కాచరు. కనుక ఎర్ర వైనులో ఆల్కహాలు సాధారణంగా నూటికి 12 నుంచి 14 పాళ్ళు ఉంటుంది. మన అంగళ్ళలో అమ్మే బ్రాందీ, విస్కీలలో 42.8 పాళ్ళు ఉంటుంది.

ఇక్కడ ఒక తమాషా చెప్పాలి. సరిహద్దు దాటి ఆంధ్ర, కర్నాటక ఊళ్ళకు పోతే మద్యం అంగడి మీద "వైన్స్" అని బోర్డు కనబడుతుంది. లోపల అమ్ముడయ్యేది నూటికి తొంభై వంతులు వైను కాదు. ఈ బోర్డుల మూలంగా మనవారిలో కొందరు బ్రాందీని వైను అంటారు. మరికొందరు వైను అన్న మాట వినగానే అది బ్రాందీ కంటే నిరపాయమైనదని నమ్ముతారు. రెండూ పొరపాటే.

అక్కడ నిత్యం, ఇక్కడ విశేషం

ఇటలీలో అన్నిటికంటె ఎక్కువగా సాగయ్యే ఎర్ర వైను ద్రాక్ష పేరు సాంజొవేజె. టస్కనీ ప్రాంతపు ప్రసిద్ధమైన కియాంతి వైనుకు అదే మూలం. ఉత్తరాన పియెమోంటెలో బార్బెరా, తూర్పు సముద్రతీరాన అబ్రుజ్జోలో మోంటెపుల్చానో, దక్షిణాన సిసిలీ ద్వీపంలో నేరో దావొలా అనే రకాలు ఉన్నాయి. మన వైపు ఊరికొక మామిడి రకం పేరు వినబడినట్లే అక్కడ జిల్లాకొక ద్రాక్ష. పెద్దాయన తెచ్చిన సీసా మీద "మోంటెపుల్చానో దాబ్రుజ్జో" అని ఉంది. అంటే అబ్రుజ్జో ప్రాంతపు మోంటెపుల్చానో ద్రాక్షతో చేసినదని అర్థం. టస్కనీలో మోంటెపుల్చానో అనే ఊరు వేరే ఉంది. ఆ ఊరి పేరున్న వైనును సాంజొవేజెతో చేస్తారు. పేరు ఒకటే అయినా వస్తువు వేరు.

ఇటువంటి వైనులు అక్కడ పండుగకు తెచ్చుకునే సరుకు కాదు. కొండవాలు తోటలో పండిన ద్రాక్షను రైతులు సహకార సంఘానికి తోలుతారు. సంఘం వైను చేస్తుంది. చుట్టుపక్కల వారు తమ క్యాను తామే తెచ్చుకొని, మనం చెక్కు గానుగ దగ్గర నూనె పట్టించుకున్నట్లు, విడిగా లీటర్ల లెక్కన పోయించుకుపోయే అలవాటు ఇప్పటికీ ఉంది. దారి ఖర్చు లేదు, సీసా ఖర్చు లేదు. అందుకే అది చవక.

అదే వైను సీసాలో చేరి, ఓడ ఎక్కి మన రేవులో దిగితే లెక్క మారిపోతుంది. విదేశీ వైను మీద మన దేశం ఏళ్ళ తరబడి నూటికి 150 వంతున సుంకం వసూలు చేస్తూ వచ్చింది. తాగే మద్యం జి.ఎస్.టి. కిందికి రాదు గనుక దాని పైన ప్రతి రాష్ట్రం తన పన్ను తాను వేస్తుంది. దిగుమతిదారు, టోకు వర్తకుడు, అంగడి యజమాని లాభాలు చేరుతాయి. అక్కడ కూలివాని బల్ల మీది సరుకు ఇక్కడికి వచ్చేసరికి సాఫ్టువేరు ఉద్యోగి బహుమతి అవుతుంది. పెద్దాయన రెండవ ప్రశ్నకు జవాబు ఇదే. ఆ వెలలో ఎక్కువ భాగం సుంకానికీ దూరానికీ పోయినది. అధిక వెల చూసి లోపల అమృతం ఉందనుకోవలసిన పని లేదు.

సీసా మీది చీటీ

చీటీ మీద మొదట చూడవలసినవి మూడు. ఒకటి ఆల్కహాలు శాతం. రెండు పంట సంవత్సరం. మూడు "డి.ఓ.సి." లేదా "డి.ఓ.సి.జి." అనే అక్షరాలు. ఇవి పుట్టిన చోటును తెలిపే ముద్రలు. ఫలానా ప్రాంతంలో, ఫలానా ద్రాక్షతో, ఫలానా పద్ధతిలో చేస్తేనే ఆ పేరు పెట్టాలని ఇటలీ ప్రభుత్వం 1963లో చట్టం తెచ్చింది. మనకు తిరుపతి లడ్డుకు 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చిన తీరు ఇటువంటిదే. అయితే కియాంతి వారి జాగ్రత్త ఇంకా పాతది. టస్కనీ ప్రభువు మూడవ కోసిమో 1716లోనే కియాంతి ప్రాంతానికి ఎల్లలు గీసి శాసనం చేశాడు.

దిగుమతి అయిన సీసాకు మన దేశపు దిగుమతిదారు పేరు, చిరునామా, ఆరోగ్య హెచ్చరిక గల చీటీ అదనంగా ఉండాలి. అది లేని విదేశీ సీసా సక్రమమైన దారిలో వచ్చినదని నమ్మడానికి లేదు.

మన వాకిటి ద్రాక్ష

ద్రాక్ష మనకు పరాయి పంట కాదు. హోసూరుకు ఉత్తరాన బెంగళూరు గ్రామీణ, చిక్కబళ్ళాపురం, కోలారు జిల్లాల తోటలలో బెంగళూరు బ్లూ అనే నల్లద్రాక్ష తరాలుగా పండుతోంది. ఆ రైతులలో తెలుగు మాట్లాడే కుటుంబాలు ఎన్నో. భౌగోళిక గుర్తింపు పొందిన ఈ ద్రాక్ష తినడానికి, రసానికి, తియ్యని పోర్టు రకపు వైనుకు వాడుకలో ఉంది. అయితే దీని జాతి వేరు. ఇటలీ వైను ద్రాక్ష ఐరోపా జాతిది. బెంగళూరు బ్లూ అమెరికా జాతి కలిసినది, ఇసబెల్లా అనే రకానికి దగ్గరి చుట్టం. దాని ఘాటైన వాసన రసంలో ఇంపుగా ఉంటుంది గాని పొడి వైనుకు ఒదగదు. ఇసబెల్లాతో చేసిన పానీయాన్ని ఐరోపాలో వైను పేరిట అమ్మనివ్వరు.

ఐరోపా జాతులను మన నేలలో పెంచే ప్రయత్నాలూ జరిగాయి. నందికొండ పాదాన, దొడ్డబళ్ళాపురం దగ్గర గ్రోవర్ తోట 1988లో ఫ్రెంచి జాతులతో మొదలైంది. మహారాష్ట్రలోని అక్లూజు దగ్గర ఫ్రాతెల్లి అనే సంస్థ ఇటలీ భాగస్వాములతో కలిసి సాంజొవేజె పండిస్తోంది. ఫ్రాతెల్లి అంటే ఇటలీ భాషలో అన్నదమ్ములు. హంపి కొండల దగ్గర క్రిస్మా అనే తోటలో సాంజొవేజె వేసినవారు మన తెలుగు దంపతులే, హైదరాబాదుకు చెందిన చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ. ఇటలీ పేరు వినాలంటే సముద్రం దాటనవసరం లేదన్నమాట. అయినా ఇవేవీ పల్లెటూరి నిత్యభోజనపు వెలకు అందేవి కావు.

మన కారానికి సరిపడుతుందా?

ఇటలీవారు ఈ వైనును ఒంటరిగా తాగరు. రొట్టె, జున్ను, మాంసం, టమోటా పులుసుతో వండిన పిండివంటల నడుమ కొంచెం కొంచెంగా తాగుతారు. టమోటా పులుపుకు వైను పులుపు జోడవుతుంది. వగరు కొవ్వును కోస్తుంది. ఈ లెక్కన రాయకోట టమోటా వాడే మన పులుసుకూ అది సరిపడాలి. కాని మన పులుసులో మిరప ఉంది. ఆల్కహాలూ, వగరూ రెండూ కారపు మంటను పెంచుతాయి. రాగి ముద్ద, ఎర్రకారం పడిన మాంసం పులుసుతో ఈ వైను తాగినవాడు మంట తీరడానికి ఇంకొక గ్లాసు పోసుకుంటాడు. మితం తప్పేది అక్కడే. మిరియాలు తగుమాత్రంగా వేసిన వేపుడు వంటివి దీనికి కొంత నయం.

మూత తీసిన సీసా రెండు మూడు రోజులకే గాలి తగిలి పులిసి సిరకా వైపు నడుస్తుంది. రేకుల ఇంట్లో వేసవి వేడికి మూత తీయని సీసా కూడా చెడుతుంది.

క్వార్టరు లెక్క

ఇటలీ పూటకూళ్ళ ఇండ్లలో "క్వార్తీనో" అనే కొలత ఉంది. లీటరులో నాలుగవ వంతు, అంటే 250 మి.లీ. కూజా. మన టాస్మాక్ అంగడిలో "క్వార్టరు" అంటే 180 మి.లీ. సీసా. పేర్లు కవల పిల్లల్లా ఉన్నాయి. ఎనిమిదవ తరగతి శాతాల లెక్క వేసి చూద్దాం.

12 శాతం వైను 250 మి.లీ.లో శుద్ధ ఆల్కహాలు 30 మి.లీ. 42.8 శాతం బ్రాందీ 180 మి.లీ.లో 77 మి.లీ. కనుక వారి క్వార్తీనో కంటె మన క్వార్టరు రెండున్నర రెట్లు బరువు. పైగా వారి కూజాను తరచు ఇద్దరు పంచుకుంటారు, కడుపులో అన్నం ఉంటుంది.

ఇప్పుడు లెక్కను తిరగవేద్దాం. 13 శాతం వైను నిండు సీసా 750 మి.లీ. దానిలో ఆల్కహాలు 97.5 మి.లీ. అంటే "వైనే కదా" అని ఒక్కడే కూర్చొని సీసా ఖాళీ చేసినవాడు బ్రాందీ క్వార్టరు తాగినవాని కంటె ఎక్కువ ఆల్కహాలు తాగినట్లే. ద్రాక్ష పేరు చెప్పి కాలేయాన్ని మోసగించలేము. మనవడు తాతకు చెప్పని లెక్క ఇదే. ఆ తరువాత బండి ఎక్కితే కృష్ణగిరి రహదారి మీది పోలీసు యంత్రానికి కూడా వైనుకూ బ్రాందీకీ భేదం తెలియదు. 100 మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. ఆల్కహాలు మించితే నేరమే.

చవకదనం ప్రాణం తీసిన రోజులు

పెద్దాయన అడగని నాలుగవ ప్రశ్న ఒకటుంది. చవకగా దొరికితే నమ్మవచ్చునా? దీనికి ఇటలీ చరిత్రే జవాబు చెబుతుంది.

1986 మార్చిలో ఉత్తర ఇటలీలో అతి చవక ఎర్ర వైను తాగినవారు ఆసుపత్రుల పాలయ్యారు. మొత్తం 23 మంది చనిపోయారు. కొందరు కంటిచూపు కోల్పోయారు. నేరం ద్రాక్షది కాదు. నీళ్ళ వంటి పలుచని వైనుకు ఆల్కహాలు బలం చూపించడానికి కొందరు వ్యాపారులు మెథనాల్ కలిపారు. రంగులకు, రసాయన పరిశ్రమలకు వాడే ఈ ద్రవం మీద 1984లో అక్కడ పన్ను తీసివేయడంతో అది కారుచవక అయింది. అన్నంతో తాగే సాదా వైనులోనే, పేదవాడు కొనే సీసాలోనే విషం చేరింది. విదేశాలు ఇటలీ వైనును వెనక్కి పంపాయి. ఆ దెబ్బతో ప్రభుత్వం తనిఖీలు బిగించింది. రైతులు కూడా రాశి తగ్గించి నాణ్యత వైపు మళ్ళారు. నేడు ఇటలీ సాదా వైనుకు ఉన్న మంచి పేరు వెనుక ఆ 23 ప్రాణాల వెల ఉంది.

ఈ కథ మనకు పరాయిది కాదు. 2008 మే నెల మన ఊళ్ళలో ఎవరు మరచిపోగలరు? కర్నాటక ప్రభుత్వం 2007 జూలై 1 నుంచి సారాయి నిషేధించింది. ఏడాది తిరగకముందే మెథనాల్ కలిసిన దొంగ సరుకు మన కృష్ణగిరి జిల్లా పల్లెలలోనూ, అవతల బెంగళూరు, కోలారు ప్రాంతాలలోనూ 150 మందికి పైగా ప్రాణాలు తీసింది. వారిలో అత్యధికులు రెక్కాడితే గాని డొక్కాడని కూలీలు. 2024 జూన్‌లో కళ్ళకురిచ్చిలో మళ్ళీ 60 మందికి పైగా పోయారు. విషం ఒకటే, దారి ఒకటే. చవక సరుకు కోసం చూసే పేదవాని చేతికి అది చేరింది.

మెథనాల్‌ను రంగు, రుచి, వాసనలతో కనిపెట్టలేము. అది కడుపులోకి పోయాక కాలేయంలో ఫార్మిక్ ఆమ్లంగా మారి కంటి నరాన్ని కాల్చివేస్తుంది. లక్షణాలు వెంటనే రావు. సాధారణంగా 12 నుంచి 24 గంటలు పడుతుంది. తలనొప్పి, వాంతులు, కడుపునొప్పి, ఆయాసం, కండ్ల ముందు మంచు కమ్మినట్లు మసక కనబడితే, మత్తు దిగలేదులే అని పడుకోబెట్టకూడదు. మజ్జిగ, నిమ్మరసం పోస్తూ కాలం గడపకూడదు. 108కు ఫోను చేసి పెద్దాసుపత్రికి చేర్చాలి. ఏమి తాగాడో దాచకుండా డాక్టరుకు చెప్పాలి. దీనికి విరుగుడు మందు ఉంది, రక్తశుద్ధి చికిత్స ఉంది. అవి వేళకు అందితేనే కన్నూ ప్రాణమూ దక్కుతాయి. పోలీసు కేసు అవుతుందన్న భయంతో ఆలస్యం చేసిన ఇండ్లలోనే దీపాలు ఆరిపోయాయి.

గుండెకు మంచిదా?

మూడవ ప్రశ్నకు వద్దాం. ఎర్ర ద్రాక్ష తొక్కలో రెస్వెరట్రాల్ అనే పదార్థం ఉన్న మాట నిజం. అయితే వైనులో అది అతి స్వల్పం. మితంగా తాగేవారికి గుండెజబ్బులు తక్కువని కొన్ని పాత పరిశీలనలు చెప్పిన మాటా నిజమే. ఆ మితపాయులు సాధారణంగా కలిగినవారు, మంచి తిండి తినేవారు, వైద్యం అందినవారు. ఆరోగ్యం వైనుదో, వారి జీవనానిదో విడదీసి చెప్పడం కష్టమని తరువాతి పరిశోధకులు గుర్తించారు. మద్యం క్యాన్సరు కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన విభాగం 1988లోనే ప్రకటించింది. ఏ మోతాదులోనూ మద్యం పూర్తిగా సురక్షితం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టం చేసింది. ఇందులో వైనుకు మినహాయింపు లేదు.

ఇటలీవారే ఈ విషయం గ్రహించినట్లున్నారు. 1970 ప్రాంతాలలో తలకు ఏడాదికి 100 లీటర్లకు పైగా వైను తాగిన ఆ దేశం నేడు అందులో సగం కూడా తాగడం లేదు. మనం వారిని అనుకరించడం మొదలుపెట్టే వేళకు వారు తగ్గించుకుంటున్నారు.

చివరి మాట

మన ప్రాంతానికి మద్యంతో ఒక ప్రత్యేక సంబంధం ఉంది. హోసూరు తాలూకా తొరపల్లిలో పుట్టిన రాజాజీ మద్రాసు ముఖ్యమంత్రిగా 1937 అక్టోబరు 1న మద్యనిషేధాన్ని తొలుత అమలుచేసింది సేలం జిల్లాలోనే. నాటి సేలం జిల్లాలో మన హోసూరు, కృష్ణగిరి కూడా ఉండేవి. 1971లో తమిళనాట ఆ నిషేధం సడలింది. 2003 నుంచి చిల్లర మద్యం అమ్మకం ప్రభుత్వ సంస్థ టాస్మాక్ చేతిలో ఉంది. చట్టాలు మూసినా తెరిచినా, ఇంటి లోపలి మితం ఇంటివారి చేతిలోనే ఉందని ఈ ఎనభై తొంభై ఏండ్ల అనుభవం చెబుతోంది. మూడు రాష్ట్రాల నడుమ తిరిగే మనవారు ఒక రాష్ట్రపు సీసాను మరొక రాష్ట్రంలోకి తెచ్చేముందు అక్కడి ఆబ్కారీ నిబంధన తెలుసుకోవడం కూడా అవసరం. నియమం ఎల్లకొకటి.

పెద్దాయనకు నేను చెప్పిన సమాధానం క్లుప్తంగా ఇది. "ఇది రసం కాదు, మందూ కాదు, మద్యమే. అసలైనదే, దొంగ సరుకు కాదు. వెల ఎక్కువైనది సుంకం వల్ల. మీరు బీపీ మాత్రలు వేసుకుంటారు గనుక డాక్టరును అడగకుండా ముట్టవద్దు. మీవాడు తాగితే భోజనంతో ఒక చిన్న గ్లాసుతో ఆపమనండి, ఆ పూట బండి తాళం మీ దగ్గర ఉంచుకోండి."

ఆయన కాసేపు సీసాను వెలుతురుకు పట్టి చూశారు. "పిల్లోడు ప్రేమగా తెచ్చినాడు అయ్యవారూ, పారబోయమని చెప్పలేను. తాళం మాట మాత్రం ఇప్పుడే చెప్తాను" అని సంచిలో పెట్టుకొని ఇంటిదారి పట్టారు.